తనకల్లు వానను వెనక్కి పంపిన మనిషి

తనకల్లులో కురిసిన వానను విజయభాస్కర్ తిరిగి మబ్బుల్లోకి పంపించేశాడు. సరే, మబ్బుల్లోకి అనడం కాస్త ఎక్కువే. హైదరాబాద్ దాకా పంపాడు. అదీ వానను కాదు, వాన వార్తను.

అతను పత్రికలో చేరింది పేపరు కట్టలు దించే పనికి. బత్తలపల్లెలో బస్సు ఆగకపోయినా, టాపు మీద నుంచి విసిరిన కట్ట టీకొట్టు బల్ల మీదే పడేది. గ్లాసులో టీ తొణికేది కాదంటారు. అలా ఎదిగి సర్క్యులేషన్ మేనేజరయ్యాడు. ఊరూరి ఏజెంట్ల పేర్లు, వాళ్ల పిల్లల పేర్లతో సహా, నోటికి వచ్చేవి. చదివేవాళ్లు సెల్‌ఫోన్లకు మళ్లాక, యాజమాన్యం అతన్ని జిల్లా డిజిటల్ విభాగంలో కూర్చోబెట్టింది. ఇప్పుడతను ఒక్క వేలు నొక్కితే లక్ష ఫోన్లు మోగుతాయి.

జూన్‌లో ఒక మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి పై అధికారి సుష్మ ఫోన్ చేసింది. వయసులో అతని కూతురంత ఉంటుంది.

"భాస్కర్ గారూ, తనకల్లు మీద వాన మ్యాపంతా ఎర్రగా ఉంది. 'కరువు నేలపై కుండపోత, ఇక విత్తుకోవడమే' అని హెడ్డింగ్ పంపాను. వెంటనే వదలండి."

వేలు ఫోన్ దాకా వెళ్లి ఆగింది. పేపరు రోజుల నుంచీ అతనికొక అలవాటు. వాన వార్త వేసేముందు నేల ఎంత లోతు తడిసిందో కనుక్కోవాలి. జానెడు పదును లేనిదే వేరుశెనగ మొలవదు. తనకల్లు పాత ఏజెంటు చెన్నప్పకు ఫోన్ చేశాడు.

"అన్నా, వాన పడినాదంట. పదునెంత?"

అవతల పారతో గీరిన చప్పుడు.

"యాడ పదునప్పా! వేలు గుచ్చితే గోరు తడవలే. అయినా ఈడ అందరూ ఎద్దులు కట్టేదానికి తయారుగా ఉండారు. మీ ఫోన్లో వస్తే నేనూ కడతా. ఇంట్లో ఉండేది ఒక్క సంచి విత్తనం. అది మొలవకపోతే ఈ ఏడు చేను బీడే."

"కట్టొద్దన్నా. ఆగు."

"నేను చెప్తే ఎవరింటారప్పా? నువ్వే చెప్పు."

మళ్లీ సుష్మ. "వదిలారా?"

"సర్వర్ పడిపోయిందమ్మా," అన్నాడు, మొహం కూడా దిగాలుగా పెట్టి.

ఫోన్ పెట్టేసి, పాత ఏజెంట్ల వాట్సాప్ గ్రూపులో రాశాడు: 'తనకల్లులో గోరు తడవని వాన. విత్తనం సంచి విప్పకండి.' సాయంత్రానికి ఆ మాట గుత్తి దాకా పోయింది. నాలుగు రోజులకు అసలు వాన వచ్చింది.

పంట చేతికొచ్చాక, ఆఫీసు చూడడానికి వచ్చిన సుష్మ ముందు చెన్నప్ప పచ్చి వేరుశెనగ కాయల మూట దించాడు.

"తినమ్మా. ఆ పొద్దు మీవోడు వార్త ఆపకపోతే ఈ కాయ యాడిది?"

సుష్మ విజయభాస్కర్ వైపు తిరిగింది. "ఏ వార్త ఆపారు?"

అతను ఒక కాయ ఒలిచి నోట్లో వేసుకున్నాడు.

"ఈయనెవరో నాకు తెలీదమ్మా. ఏమి కట్టుకతలు చెప్తావు చెన్నప్పన్నా! నేనేమీ ఆపలే. ఆ పొద్దు సర్వర్ పడిపోయినాది, అంతే."