పల్లపు చేను ముందు

మొన్న గుడివాడ దగ్గర ఆటో తోలుకొస్తుంటే ముసురు పట్టింది. రోడ్డు వారన ఆరబోసిన ధాన్యం మీద ఎవరి పట్టా వాళ్ళు కప్పుకుని, ఎవరి రాళ్ళు వాళ్ళు పెట్టుకుని, పక్క రాశి తడుస్తున్నా తల తిప్పకుండా నిలబడ్డవాళ్ళని చూస్తే, కోడూరు దగ్గర మా మేనమామ కౌలుకు చేసిన చేను గుర్తొచ్చింది.

నా ఈడువాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, అప్పట్లో కోసిన వరిని పనలుగా చేలోనే ఆరనిచ్చి, తర్వాత మోసి, వాన లోపలికి దిగకుండా కుప్ప వేసేవాళ్ళం. ఏడో తరగతిలో నేనూ బడీ ఇష్టపూర్వకంగానే విడిపోయాక మావయ్య దగ్గర చేరాను. కుప్ప మీదికి నన్నే ఎక్కించేవారు, పైనుంచి నేను విసిరే జోకులకి కింద మోసేవాళ్ళకు బరువు తెలియదని. అత్తయ్య మాత్రం, "నీ నోటికి పనలు మోయడం వచ్చుంటే ఈపాటికి ఊరి కుప్పలన్నీ అయిపోయేవిరా" అనేది.

రేడియోలో తుపాను కబురు రాగానే చుట్టుపక్కల చేలవాళ్ళంతా ఒక్కటయ్యేవారు. కూలి మాట లేదు. ఎవరి చేను పల్లమైతే వాళ్ళ కుప్ప ముందు, మెరక చేను ఆఖరు. నీళ్ళు ఏ వరసలో వస్తాయో మేమూ ఆ వరసలోనే. అందరికంటే పల్లం, నాకు వరసకి పిన్ని అయ్యే ఒక ఒంటరి మనిషిది. అందరికంటే మెరక మావయ్యది.

తొంభైల చివర్లో ఒక ఏడు, రేడియో చెప్పినదానికంటే ముందే గాలి వచ్చేసింది. పిన్ని కుప్ప సగంలో ఉండగానే చినుకులు మొదలయ్యాయి. ఆ పంట చేతికి రాకపోతే మావయ్యకి కౌలు పోతుంది. నేను కిందికి దిగి, మన చేనుకి పోదాం మావయ్యా అన్నాను. ఆయన తలగుడ్డ బిగించుకుంటూ, "మనది మెరకరా, ఆగుద్ది. ముందు పిన్నిది కానివ్వు" అన్నాడు. పిన్ని పన ఎత్తుతూనే, "పోన్లే అన్నయ్యా, భయానికైనా నీ మేనల్లుడి జోకులు ఆగాయి" అంది. తడుస్తూనే అందరం నవ్వాం.

పిన్ని కుప్పా, వరసలో తర్వాతి కుప్పలూ అడుగులు తడిసినా నిలబడ్డాయి. మాది అందలేదు. సముద్రం పోటు మురుగుకాలువ వెంట ఎగదన్ని, ఉప్పునీళ్ళు మెరక మీదికీ వచ్చి పనల్ని తేల్చుకుపోయాయి. నీళ్ళు తీశాక, నూర్పిళ్ళు అయినవాళ్ళు అయినట్టు వచ్చి మావయ్య వాకిట్లో ధాన్యం పోసి, వద్దన్నా వినకుండా వెళ్ళిపోయారు. పిన్ని పోసిన రాశే పెద్దది. ఆ ఏటికి కౌలు నిలబడింది.

ఉప్పు మాత్రం చేలోంచి పోలేదు. నాటిన నారు ఎర్రబడేది, కడుగుదామంటే కాలువ చివరి భూములకి మంచినీళ్ళు చాలేవి కావు. రెండువేలు దాటాక రొయ్యల చెరువులు వచ్చాయి. తవ్వడమూ పల్లం నుంచే మొదలైంది. తన చేను చెరువుకి ఇచ్చే ముందు పిన్ని మావయ్యని అడుగుదామని వచ్చి, అడగలేక మజ్జిగ తాగి వెళ్ళింది. పండని చేనుతో ఆవిడ మాత్రం ఏం చేస్తుంది. ఆ చెరువు ఉప్పునీటి ఊట పక్క చేలోకి, అక్కణ్ణించి పై చేలోకి ఎక్కింది. ఆఖరికి మావయ్య చేసే భూమిని కూడా దాని ఆసామి చెరువుకే ఇచ్చేశాడు. ఊరంతా దిగి చేసే పనికి ఒక్క కాపలావాడు సరిపోయాడు. పిన్ని బందరులో కూతురి దగ్గరికి చేరింది, మేం గుడివాడ వచ్చేశాం. మావయ్య ధాన్యం మిల్లులో బస్తాలు మోస్తూ, ఎవరివో నాలుగు గింజలు అరచేతిలో పోసుకుని వాసన చూసేవాడు. నా జోకులకి నవ్వేవాడు గానీ, అది కుప్ప కింద నవ్విన నవ్వు కాదు.

ఆయన పోయాక ఒకసారి అటు వెళ్ళాను. ఆ చివర నుంచి ఈ చివరకి నీళ్ళన్నీ ఒకే మట్టంలో ఉన్నాయి. పిన్ని పల్లం ఏదో, మావయ్య మెరక ఏదో గట్టు మీద నిలబడి ఎంత వెతికినా పోల్చుకోలేకపోయాను. కాపలావాడు వచ్చి, "ఎవరు కావాలండీ?" అన్నాడు. ఎవరెవరు కావాలో చెప్పడం మొదలుపెడితే అతనికి పొద్దుపోతుందని, ఎవరూ లేరులెండి అని వచ్చేశాను.