నౌపడ ఉప్పు మడుల దారిలో భారతి వదిన పడిపోయిన రోజు

రేసుకి పేరిచ్చాక ఆ దారిని ఒక్కసారైనా ముందుగా చూసి రావాలన్నది మా భారతి వదిన పట్టుదల. వదిన అంటే మా ఆయనకి పెద్దక్క. నెల్లిమర్ల దగ్గర ఒక హైస్కూల్లో హెడ్‌మాస్టరు. నలభై ఎనిమిదో ఏట సైకిలెక్కింది, మరుసటేడు ఈత నేర్చుకుంది, ఆ తర్వాత విజయనగరం కాలేజీలో ఫిజిక్సు చెప్పుకుంటూ కుదురుగా ఉన్న నన్ను కూడా అందులోకి లాగింది. భావనపాడు తీరంలో లాంగ్ డిస్టెన్స్ ట్రయాత్లాన్ పెడుతున్నారని తెలియగానే ఇద్దరం పేర్లిచ్చేశాం. సముద్రంలో రెండు కిలోమీటర్ల ఈత, ఒడ్డుకొచ్చి తొంభై కిలోమీటర్ల సైకిలు, సైకిలు దిగీ దిగగానే ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. రేసుకి నెల ముందు, ఒక ఆదివారం, అదే దారిలో ఇంచుమించు సగం దూరం సాధన చేసి రావడానికి బయల్దేరాం. మీలో ఎవరైనా అలాంటి ప్రయాణం పెట్టుకుంటే ఇది చదివి వెళ్ళండి. మేము వేటికి భయపడి ఏర్పాట్లు చేసుకున్నామో, చివరికి ఏం జరిగిందో రెండూ చెప్తాను.

మా భయాలు మూడు: సముద్రం, హైవే మీద లారీలు, ఎండ. సముద్రానికి పడవ మాట్లాడుకున్నాం. లారీల కోసం వెనకాల లైట్లు వేసుకుని వచ్చే కారు. విజయనగరం నుంచి కారు, డ్రైవరు కలిపి రోజుకి నాలుగున్నర వేలు, డీజిలు మనదే. ఇక ఎండ సంగతి వదినే చూసుకుంది. ఇరవై లీటర్ల నీళ్ళ టిన్ను డిక్కీలో పెట్టించింది. చేతి వాచీలో పావుగంటకొకసారి మోగేలా అలారం పెట్టుకుంది. అది మోగినప్పుడల్లా దాహం ఉన్నా లేకపోయినా నీళ్ళు తాగాలని ఆమె నియమం. మేం పరుగెత్తే గ్రూపులో అందరూ చెప్పుకునే మాట ఒకటుంది, దాహం వేసిందంటే అప్పటికే ఆలస్యమైనట్టని. వదిన దాన్ని వేదవాక్కులా పట్టుకుంది.

తెల్లవారుజామున మూడున్నరకి బయల్దేరాం. డ్రైవరు సూరిబాబు కారు పైన కట్టిన సైకిళ్ళని చూసి, "సైకిల్లు కారు మీదున్నాయి, మనుసులు కారు లోపలున్నారు. మరి తొక్కీది ఎప్పుడమ్మా?" అన్నాడు. రణస్థలం, ఎచ్చెర్ల దాటి శ్రీకాకుళం చేరేసరికి వదిన ఒక లీటరు సీసా ఖాళీ చేసి రెండోది తెరిచింది. ముందునుంచే ఒంటికి నీళ్ళు పట్టించాలట. నరసన్నపేట దగ్గర ఒకసారి, టెక్కలి ముందు ఒకసారి కారాపి బంకుల్లో బాత్రూములు వెతుక్కున్నాం. నవ్వుకున్నాం కూడా.

భావనపాడు చేరేసరికి వెలుగొచ్చింది. పడవాయన పోలయ్య మా కోసం కాచుకుని ఉన్నాడు. ముందుగా ఫోను చేసి మాట్లాడుకుంటే గంటకి వెయ్యి రూపాయలకి వస్తారు. "ఇయాల సముద్రం మెత్తగున్నాది. నోపలికి పోకండి, ఒడ్డెంటే ఈదండి. నానెనకాల్నే వస్తన్నాను" అన్నాడు. నడుములకి నారింజరంగు తేలుడు బుడగలు కట్టుకుని దిగాం. అలలు దాటాక నీరు నిజంగానే నిలకడగా ఉంది. తల ఎత్తినప్పుడల్లా పోలయ్య పడవ పక్కనే కనపడేది. ఒడ్డుకి వచ్చాక వదిన ఇసకలో కూలబడి, "ఒసే సుధా, గండం గడిచిందే" అంది. ఆ మాట నేనూ నమ్మాను.

అక్కడినుంచి సైకిళ్ళ మీద నౌపడ, నౌపడ నుంచి టెక్కలి, టెక్కలి దగ్గర హైవే ఎక్కి పలాస వైపు కొంత దూరం వెళ్ళి తిరిగి రావాలి. ఈ దారిలో వెళ్ళేవాళ్ళకి రెండు మాటలు. ఊళ్ళ దగ్గర స్పీడు బ్రేకర్లకి రంగు లేదు, తల వంచుకుని తొక్కకండి. హైవే ఎక్కే చోట దిగి సైకిలు నడిపించుకుంటూ దాటండి. సూరిబాబు కారు లైట్లు వేసుకుని మా వెనకాలే నెమ్మదిగా వచ్చాడు. లారీలవాళ్ళు దూరం నుంచే పక్కకి తప్పుకున్నారు. వదిన వాచీ మోగుతూనే ఉంది, ఆమె తాగుతూనే ఉంది.

తిరుగు దారిలో టెక్కలిలో టిఫిను కోసం ఆగాం. నలభై రూపాయలకి నాలుగిడ్లీలు, అల్లం పచ్చడి. వదిన రెండు తిని పళ్ళెం పక్కన పెట్టేసింది. ఇడ్లీలు వేస్తున్నావిడ, "అలా వొదిలీసేరేటమ్మా? బాగోలేవా?" అనడిగింది. "బాగున్నాయమ్మా, కడుపు నిండుగా ఉంది" అంది వదిన. "నీలకే నిండిపోనాది మరి" అని ఆవిడ నవ్వింది. మేమూ నవ్వాం.

పరుగు మొదలుపెట్టింది నౌపడ ఉప్పు మడుల పక్క దారిలో. అప్పటికి పదకొండు దాటింది. కారు మా వెనకాలే వస్తోంది. అటూ ఇటూ మడులు, గట్ల మీద తెల్లటి ఉప్పు కుప్పలు, ఎక్కడా నీడ లేదు. చూడ్డానికి మాత్రం అంత అందమైన దారి మన జిల్లాల్లో ఇంకోటి ఉండదేమో. మూడో కిలోమీటరు దగ్గర వదిన తన ఉంగరం చూపించి, "బిగుసుకుపోయింది చూడవే, తిరగట్లేదు" అంది. వేళ్ళు ఉబ్బి ఉన్నాయి. కాసేపటికి తలనొప్పి అంది. ఎండకేమో, నీళ్ళు తాగు వదినా అన్నాను. తాగింది. ఇంకాస్త దూరం వెళ్ళాక దారి పక్కకి వంగి కక్కుకుంది. వచ్చింది అన్నం కాదు, ఇడ్లీ కాదు, ఒట్టి నీళ్ళు.

కారు ఎక్కేద్దాం పద అని చెయ్యి పట్టుకున్నాను. వదిన కదల్లేదు. ఉప్పు కుప్పలవైపు కళ్ళార్పకుండా చూస్తోంది.

"ఈ పిల్లలు ప్రేయరుకి ఇంత ఆలస్యంగా వచ్చేరేటి?" అంది.

"ఏ పిల్లలు వదినా?"

"అదుగో. తెల్ల యూనిఫారాలు. లైన్లో నిలబడమను."

ఆట పట్టిస్తోందేమోనని మొహంలోకి చూశాను. ఆమె నన్ను గుర్తుపట్టలేదు. మర్యాదగా, స్కూల్లో కొత్తగా చేరిన టీచరుని చూసినట్టు చూసింది. అంతలోనే ఆమె మోకాళ్ళు మడతపడ్డాయి. పడిపోయాక చేతులూ కాళ్ళూ బిగుసుకుని కొట్టుకోవడం మొదలైంది. దవడ బిగిసింది. కళ్ళు తేలిపోయాయి.

నేను అరిచానో లేదో నాకు తెలీదు. అరిచాననే సూరిబాబు తర్వాత చెప్పాడు. మడుల్లో పనిచేస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు పరుగున వచ్చారు. ఒకావిడ తన పైట విప్పి వదిన మొహానికి నీడ పట్టింది. "వొడదెబ్బమ్మా" అంది రెండో ఆవిడ. నేనూ అదే అనుకున్నాను. నుదుటి మీద చెయ్యి పెడితే చల్లగా, చెమటగా ఉంది. వడదెబ్బైతే ఒళ్ళు కాలిపోవాలి కదా అని కూడా నాకు తట్టలేదు. మూర్ఛ కాస్త తగ్గగానే సీసా మూత తీసి వదిన నోట్లో నీళ్ళు పోశాను. సగం గొంతులోకి పోయాయి, సగం బయటికి వచ్చాయి. మళ్ళీ పొయ్యబోతే పైట పట్టుకున్నావిడ నా చెయ్యి ఆపింది. "పొలమారిపోతాదమ్మా, పక్కకి తిప్పు" అంది.

"నూటెనిమిది వచ్చీవరకు ఆగొద్దు, మనమే ఎల్లిపోదాం" అని సూరిబాబు సీటు వెనక్కి వాల్చేశాడు. నలుగురం కలిసి ఎక్కించాం. నౌపడ నుంచి టెక్కలికి పావుగంట దారి. వదిన తల నా ఒళ్ళో ఉంది. దారిలో మళ్ళీ మూర్ఛ వచ్చింది. ఆమె కొట్టుకుంటూ ఉండగానే చేతి వాచీ మోగింది. నీళ్ళు తాగమని. నేను దాన్ని ఆపడానికి మీట వెతుకుతున్నాను, అది మోగుతూనే ఉంది.

టెక్కలి ఆసుపత్రిలో చూసిన డాక్టరమ్మాయికి ముప్పై ఏళ్ళుంటాయేమో. జ్వరం చూసింది, వేళ్ళు నొక్కి చూసింది. రక్తం తీయించి పంపింది. "ఇది వడదెబ్బలా లేదండి. ఒళ్ళు వేడిగా లేదు. పొద్దున్నుంచి నీళ్ళెన్ని తాగారు?" అనడిగింది.

బాగానే తాగిందండీ అన్నాను, అదేదో ధైర్యం చెప్పే మాటైనట్టు.

"బాగానే అంటే?"

సూరిబాబు గుమ్మంలోంచి, "టిన్నులో సగం పైన అయిపోనాది డాక్టరమ్మా. ఈయమ్మ కొంచెమే తాగీరు, ఆయమ్మే ఎక్కువ" అన్నాడు.

కాసేపట్లో రక్తం రిపోర్టు వచ్చింది. డాక్టరు నన్ను పక్కకి పిలిచి నెమ్మదిగానే చెప్పింది. "రక్తంలో సోడియం బాగా పడిపోయింది. చెమటలో ఉప్పు పోయింది, దానిమీద అవసరానికి మించి నీళ్ళు పడ్డాయి. ఆ నీళ్ళకి మెదడు ఉబ్బుతుంది. అందుకే మూర్ఛలు. ఉప్పు ఎక్కువున్న సెలైను కొద్దికొద్దిగా ఎక్కిస్తున్నాం. నోట్లో మాత్రం చుక్క నీళ్ళు కూడా పొయ్యకండి."

అప్పుడు చూసుకున్నాను, సీసా ఇంకా నా చేతిలోనే ఉంది.

ఆసుపత్రి వరండాలో గోడకి ఆనుకుని ఎంతసేపు నిలబడ్డానో గుర్తులేదు. సముద్రం ఏం చెయ్యలేదు. లారీలు ఏం చెయ్యలేదు. మనిషిని బతికిస్తుందని చిన్నప్పటి నుంచి నమ్మిన నీళ్ళు, ఎండలో ఎవరు సొమ్మసిల్లినా ముందు పరుగెత్తి తెచ్చే నీళ్ళు, వదినని అంతదాకా తెచ్చాయన్నది నా బుర్రకి ఎక్కడం లేదు. మా ఆయనకి ఫోను చేశాను. "అక్క నీళ్ళు ఎక్కువ తాగింది" అన్నాను. అటునుంచి ఆయన, "నువ్వు బాగానే ఉన్నావా?" అనడిగాడు. నాకే తల తిరిగి ఏదో మాట్లాడుతున్నానని అనుకున్నాడు.

సాయంత్రానికి శ్రీకాకుళం మార్చారు. రెండు రోజులు ఐసీయూలో ఉంది. మర్నాడు మధ్యాహ్నం కళ్ళు తెరిచి నన్ను చూసి, "సుధా, సైకిల్లు ఎక్కడ పెట్టేరు?" అంది. నా పేరు పలికిందని గుమ్మం బయటికి వెళ్ళి ఏడ్చేశాను. టిఫిను తిన్నదాకా ఆమెకి గుర్తుంది. ఆ తర్వాత అంతా ఖాళీ. "పిచ్చిపిచ్చిగా ఏటైనా వాగేనా?" అని మాటిమాటికీ అడిగింది. ప్రేయరు సంగతి చెప్పాను. ముప్పై ఏళ్ళు పిల్లల ముందు నిలబడి మాట్లాడిన మనిషి, దుప్పటి అంచు వేళ్ళతో నలుపుతూ చాలాసేపు కిటికీ వైపు తిరిగి పడుకుంది. "ఎవరికీ చెప్పకు" అంది. డిశ్చార్జి అయిన రోజు కారులో తనే మళ్ళీ కదిపింది. "రాయి. మన గ్రూపులో అందరూ నాలాగే తాగుతున్నారు. నా పేరుతోనే రాయి. హెడ్‌మాస్టరు చెప్పిందంటే కొందరైనా వింటారు."

ఈ రేసుకి మేమిద్దరం వెళ్ళడం లేదు. వదిన ఇప్పుడు పొద్దున్నే నడుస్తోంది, వాచీలో అలారం తీసేసింది. సాధన మానెయ్యమని నేను చెప్పను. భావనపాడు సముద్రం మళ్ళీ నన్ను పిలుస్తూనే ఉంది, ఉప్పు మడుల దారి ఇప్పటికీ నాకు అందంగానే కనపడుతుంది. కానీ ఆ రోజు తర్వాత జాగ్రత్త అనే మాట మీద నాకున్న నమ్మకం కాస్త మారింది. మేం అజాగ్రత్తగా వెళ్ళలేదు. పడవ ఉంది, కారు ఉంది, లైట్లున్నాయి. జాగ్రత్త అనుకుని చేసిన పనే ఆమె మీదికి వచ్చింది. మంచిదని అందరూ చెప్పేది ఎంతవరకు మంచిదో మా ఇద్దరిలో ఒక్కరం కూడా అడగలేదు. డాక్టరు చెప్పిన మాట చిన్నదే: గడియారం మోగినప్పుడు కాదు, దాహం వేసినప్పుడు తాగండి.

వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. బరువు చూసే చిన్న మిషనొకటి కారులో పడేసుకోండి. సాధన మొదలుపెట్టే ముందు ఒకసారి, ప్రతి మజిలీలో ఒకసారి ఎక్కి చూడండి. ఇన్ని గంటలు చెమటోడ్చాక బరువు కాస్త తగ్గాలి. పెరిగిందంటే లోపల నీళ్ళు నిలిచిపోతున్నట్టు. అప్పుడు ఇంకో సీసా తెరవకండి, ఇంకో కిలోమీటరు వెళ్ళకండి. తలనొప్పి, వాంతి, వేళ్ళ ఉబ్బు కూడా ఉంటే తిన్నగా ఆసుపత్రికి పోయి, ఎన్ని నీళ్ళు తాగారో అడక్క ముందే చెప్పండి.