ముత్యాలమ్మ పండుగలో ఎస్తేరు గొంతు

నల్లగొండలో గుట్ట కింది బస్తీ ముత్యాలమ్మ పండుగకు ఐలేశం డప్పు ఎంత ముఖ్యమో, పరశురాం మైకుసెట్టూ అంతే. మంచి ఎండల్లో, వైశాఖంలో ఒక ఆదివారం వీధికి రెండు వైపులా తాళ్లు కట్టి బండ్లు రాకుండా ఆపేసేవారు. ఈ కొస నుంచి ఆ కొస దాకా టార్పాలిన్ల పందిరి. గుమ్మాలకు వేపమండలు. పెళ్ళిళ్ళయి వెళ్ళిన ఆడపిల్లలు పిల్లల్ని చంకనేసుకుని దిగేవారు. ఐసుగోల బండి దగ్గర పిల్లల గోల, కల్లు కుండల దగ్గర మగవాళ్ళ గోల. పొద్దెక్కేసరికి వీధంతా ఒక్క ఇల్లయిపోయేది.

మైకులో వినిపించే గొంతు మాత్రం పరశురాంది కాదు. మైకు ముందు నిలబడితే అతనికి నాలుక పిడచగట్టుకుపోయేది. వైర్లు లాగడం, లౌడుస్పీకరు బూరలు కట్టడం వరకే అతని పని. మాట్లాడేది అతని భార్య ఎస్తేరు. చర్చిలో పాటలు పాడి పదునెక్కిన గొంతు ఆమెది. “జర ఇనుర్రి, జర ఇనుర్రి” అని మొదలుపెడితే డప్పు కూడా ఆగేది. ఏ ఇంటి బోనం ఎప్పుడు కదలాలో చెప్పేది. తప్పిపోయిన పిల్లల గుర్తులు చెప్పి తల్లుల్ని పిలిచేది. ఒకసారి పాస్టరుగారు మెల్లగా అడిగారు, “అమ్మోరి పండుగల నీకేం పనమ్మా?” అని.

“తప్పిపోయినోళ్ళను ఇంటికి చేర్చుడే గదయ్యా నేను చేస్తున్నది” అందామె.

కరోనా రెండో ఏడు ఎస్తేరు దవాఖానలోనే కన్నుమూసింది. పరశురాం ఆమెను దూరం నుంచి, ప్లాస్టిక్ సంచి మీదుగానే చూశాడు. ఇంటికొచ్చి మైకును బట్టలో చుట్టి అటక మీద పెట్టేశాడు.

మరుసటి ఏడు పండుగకు బస్తీవాళ్ళు వచ్చి బతిమాలితే కాదనలేకపోయాడు. ఆ గొంతు లేని వీధిలో వేపచెట్టుకు బూర కట్టాడు. ప్రకటనలు చెప్పడానికి వేరే ఎవరినీ ఒప్పించలేక, పొద్దున్నుంచీ పాటలే వేస్తూ కూర్చున్నాడు.

ఎండ నడినెత్తికొచ్చిన వేళ కరెంటు పోయింది. పాట ఆగింది, కూలర్లు ఆగాయి. డప్పులవాళ్ళు అన్నాలకు కూర్చున్నారు. గాలి లేదు, ఆకు కదలడం లేదు. అంతమంది జనమున్న వీధి ఒక్కసారిగా ఖాళీ ఇల్లులా అయింది. పరశురాం జనరేటరు తాడు లాగడానికి వంగాడు.

అప్పుడు బూర గరగరమంది.

“జర ఇనుర్రి, జర ఇనుర్రి. పచ్చగౌను పిల్ల, పేరు వర్షిత. నల్లగేటు ఇంటి నీళ్ళ సంపు కాడున్నది. పిల్ల తాలూకు వాళ్ళు జల్ది రావాలె.”

పరశురాం వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. ఆంప్లిఫయరు మీద ఎర్రలైటు లేదు. మైకు వైరు చుట్ట చుట్టి అతని కాళ్ళ దగ్గరే పడి ఉంది.

చెట్టు కింద కూర్చున్న ఆడవాళ్ళంతా విన్నారు. గుడి దగ్గరున్నవాళ్ళకు ఏమీ వినపడలేదట. అందరికంటే ముందు సుగుణమ్మ తేరుకుంది. ఆమె మనవరాలే వర్షిత. అమ్మమ్మ ఒళ్ళో కూర్చుని మామిడిపండు చీకుతోంది. ఒంటి మీద ఎర్రగౌను ఉంది.

“ఏం ఆటలురా ఇవి పరశురామా? నా పిల్ల నా ఒళ్ళెనే ఉండె. పోయినామె గొంతు రికార్డు పెడ్తవా?”

“నేను కాదక్కా. కరెంటే లేదు, సూడు” అన్నాడతను.

అయినా ఇద్దరు మగవాళ్ళు నల్లగేటు ఇంటిదాకా వెళ్ళి వచ్చారు. ఎస్తేరు పోయాక కట్టిన ఇల్లది, ఏడాదైనా కాలేదు. ఇంట్లోవాళ్ళు గుడి దగ్గరున్నారు. “సంపు మీద ఫ్లెక్సీ కప్పున్నది. ఏం లేదు” అన్నారు వెళ్ళొచ్చినవాళ్ళు. ఎవరో ఫోనులో పాత వీడియో పెట్టి ఉంటారని తలా ఒక మాట అనుకున్నారు. కరెంటు వచ్చింది. పాట మోగింది. పిల్లలు ఐసుగోల బండి వైపు పరిగెత్తారు. ఒక్క పరశురామే అంత ఎండలోనూ చలిపుట్టినట్టు చేతులు ముడుచుకున్నాడు.

బోనాలు కదిలే వేళైంది. డప్పు ఊపందుకుంది. కుండల మీద దీపాలతో ఆడవాళ్ళు వరసకట్టారు. వీధంతా పసుపు, సాంబ్రాణి వాసన. ఆ సందడిలో ఒక పిల్ల పరశురాం పక్క నుంచి తుర్రున పరిగెత్తింది.

వర్షిత. పచ్చగౌను.

ఎర్రగౌను మీద ఐసుగోల రంగు ఒలికితే తల్లి మార్చిందని తర్వాత తెలిసింది. ఆ క్షణాన అతనికి ఏదీ తెలియదు. “వర్షితా!” అని అరిచాడు. డప్పుల మోతలో ఆ అరుపు తన చెవికే వినపడలేదు. జనాన్ని తోసుకుంటూ పరిగెత్తాడు. నల్లగేటు తెరిచి ఉంది. లోపల సంపు మీద ఫ్లెక్సీ మధ్యలోకి కుంగి, ఒక అంచు నీళ్ళలోకి జారి ఉంది. పొద్దున ట్యాంకరు నీళ్ళు పట్టినవాళ్ళు మూత పక్కనే వదిలేసి, దుమ్ము పడకుండా ఫ్లెక్సీ పరిచారు.

పరశురాం ఫ్లెక్సీ లాగి దూకాడు. నీళ్ళు అతని ఛాతీ దాకా వచ్చాయి. పిల్ల అడుగున చేతికి తగిలింది. పైకెత్తి గట్టు మీద పెట్టి, తనూ ఎక్కి, బోర్లా తిప్పి వీపు చరిచాడు. ఎంతసేపటికీ ఉలుకూ పలుకూ లేదు. చివరికి దగ్గింది, నీళ్ళు కక్కింది, గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపుకు జనం వచ్చారు. సుగుణమ్మ పిల్లను అందుకుని, పరశురాం కాళ్ళ దగ్గరే కూలబడింది.

వర్షితను దవాఖానకు తీసుకెళ్ళారు, రెండో రోజే ఇంటికి తెచ్చారు. బస్తీలో ఎస్తేరు పేరు ఎత్తినప్పుడల్లా ఆడవాళ్ళు చెంపలు వేసుకునేవారు. ముత్యాలమ్మే ఆమె గొంతు అరువు తెచ్చుకుందని కొందరన్నారు. చర్చివాళ్ళు వేరేగా చెప్పుకున్నారు.

పరశురాంను మాత్రం వేరే సంగతి తొలిచేసింది. తన గొంతు వినిపించి కూడా ఎస్తేరు అతన్ని పేరు పెట్టి పిలవలేదు. తిన్నవా అని అడగలేదు. అందరికీ చెప్పినట్టే చెప్పి ఆగిపోయింది. ఒక పొద్దున వీధిలో ఎవరూ లేని వేళ ఇంకా విప్పని బూర కింద నిలబడి, “ఎస్తేరూ, నేను గీడనే ఉన్న” అన్నాడు. చెట్టు మీద కాకి లేచిపోయింది. ఇంకేం లేదు.

ఇప్పుడు పండుగకు ప్రకటనలు అతనే చెబుతున్నాడు. మొదటిసారి తడబడితే ఐలేశం డప్పు ఆపి మరీ నవ్వాడు. “నవ్వకు, నా పెండ్లాం పని ఇది” అన్నాడు పరశురాం, మైకు ఆపడం మరిచి. ఆ మాట వీధి పొడుగునా వినిపించింది.