తెర వెనక నుంచి చూసిన వంటాయన

మా చిన్నప్పుడు... బైలదిల్లా కొండ కింద మైదానంలో రెండు గుంజలకు తెల్లగుడ్డ కట్టి సినిమా వేసేవారు. తెర ముందు పర్మనెంటు నౌకరీ వాళ్లు. కాంట్రాక్టరు కింద పనిచేసే ఠేకా కూలీలం మేము తెర వెనక. అయినా బొమ్మ బొమ్మే!

నాయన మద్దేడ్ వైపు పల్లె నుంచి ఇనుప గని పనికి వచ్చి, మమ్మల్నీ తెచ్చుకున్నాడు. అమ్మకు హిందీ రాదు. పక్కింటామెకు అక్కడి హల్బీ భాష తప్ప ఏదీ రాదు. పలకరించే మనిషి లేక అమ్మ నోరే మూతపడింది. ఒకరోజు ట్రంకుపెట్టె సర్దేసింది.

"ఈ ఎర్రదుమ్ముల నాతోని కాదు. రేపు పొద్దుగాల బస్సెక్కియ్యి."

"ఇయ్యాల తెలుగు బొమ్మ ఏస్తున్నరు. అదన్న చూసి పో" అన్నాడు నాయన.

చూశాం. హీరో మొహం ఇప్పుడు గుర్తులేదు. వాళ్లింటి వంటాయన గుర్తున్నాడు... బక్కమనిషి, బుర్రమీసం. దొంగతనంగా గారెలు మింగుతూ, పట్టుబడితే నిండు నోటితోనే నీతులు చెప్పేవాడు. తినడమంతా ఎడమచేత్తో! వెనక నుంచి చూస్తే కుడి ఎడమవుతుందని మాకేం తెలుసు? తెర మీద పేర్లు కూడా తిరగబడే పడి ఉంటాయి. చదవొచ్చినవాడు మాలో ఉంటే కదా...

తెల్లారి నేను ఎడమచేత్తో సద్ది తింటూ, మూతి ఉబ్బించి నీతులు మొదలుపెట్టాను. అమ్మ చెయ్యెత్తింది.

"ఏందిరా ఆ ఎడమచేతి తిండి?"

"ఆ వంటాయన గట్లనే తిన్నడు గదనే!"

ఎత్తిన చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది... ఆ కొండ కిందికి వచ్చాక అదే మొదటి నవ్వు. వాకిట్లో ఉన్న పక్కింటామె కూడా ఎడమచేత్తో గారె మింగినట్టు చేసి, బుగ్గలు ఉబ్బించింది. రాత్రి ఆమె చూసిందీ తెర వెనక మా వైపు నుంచే కదా! ఒక్క మాట కలవకపోయినా ఇద్దరూ కడుపు పట్టుకుని కూలబడ్డారు.

అంతలో బస్సు హారన్ వినపడింది. నాయన పెట్టె వైపు చూశాడు.

"దాన్నేంది చూస్తున్నవ్? పోయి నీళ్లు పట్టుకరా!" అంది అమ్మ.

ఆ తర్వాత ఆ వంటాయన్ని ఎన్ని బొమ్మల్లో చూశానో... పోస్టుమాను, బంట్రోతు, పెళ్లిళ్ల పేరయ్య. హీరోలు మారిపోయారు, ఆయన ఉన్నాడు. మీసం తెల్లబడ్డాక తాత వేషం. హీరో మాత్రం ఏనాడూ కాలేదు. కాకపోతేనేం? నాకు ఆయన ముందు ఏ హీరో ఆనడు.

పెళ్లయ్యాక భద్రాచలంలో మొదటిసారి హాల్లో, తెర ముందు కూర్చుని ఆయన్ని చూశాను. కుడిచేత్తో తింటున్నాడు! మా వంటాయన కాదేమో అనిపించింది...

ఇప్పుడు ఎవరి ఫోన్లో వాళ్లు చూసుకుంటున్నారు. ఆ తెరకు వెనక వైపే లేదు.

మా అమ్మ పెట్టె విప్పించిన మహానుభావుడు ఆయన. మీ ఇంట్లో అట్లా నవ్వించి నిలబెట్టింది ఎవరు... చెప్పండి, వింటాను.