మేనమామ ఒడి

మా శిరివెళ్లలో నారాయణంత నేరుగా సాలు తోలేవాడు లేడు. ఆ మాట అందరూ ఒప్పుకుంటారు. ఒప్పుకుని, వెంటనే "పాపం, పిచ్చోడు గదా" అని తోక తగిలిస్తారు. విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. వాడు మా పక్కింటి పిల్లవాడు, నన్ను అత్తా అని పిలుస్తాడు.

ఇరవై రెండేళ్ల వయసులో వాడికి ఎవరూ లేనిచోట మాటలు వినిపించడం మొదలైంది. పొలంలో మోటారు గదిలోకి పోయి తలుపేసుకునేవాడు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. పెళ్లి చేస్తే కుదురుకుంటాడన్నారు. మీదపడి కొడతాడని వీధంతా తలుపులు మూసుకుంది. నిజానికి వాడు ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదు. దెయ్యం వదిలిస్తానని వచ్చినవాడి చేతిలో వేపమండలతో దెబ్బలు తిన్నది వాడే. చివరికి వాళ్లక్క రమ్య నంద్యాలలో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకుపోయింది. మాత్రలు మొదలుపెట్టాక నిద్ర పట్టింది, ఆ మాటలు తగ్గాయి. కొన్నాళ్లకు డాక్టరు సరేనన్నాక వాడు మళ్లీ ట్రాక్టర్ ఎక్కి సాళ్లు తోలసాగాడు. చేతుల్లో సన్నటి వణుకు మాత్రం మిగిలింది. అది మాత్రల వల్ల వచ్చిన వణుకు, జబ్బు వల్ల కాదు. కానీ ఊరి కంటికి ఆనేది వణుకే.

రమ్య అత్తగారిది రుద్రవరం. కూతురు వినీతకు ఏడాది నిండకముందే యాగంటిలో పుట్టు వెంట్రుకలు తీయించాలనుకున్నారు. బిడ్డను మేనమామ ఒడిలో కూర్చోబెట్టాలి. అక్కడ అత్తగారు జయలక్ష్మమ్మ అడ్డం తిరిగింది.

"నయమైనోడు మాత్రలెందుకు మింగుతాండాడు? కత్తి నెత్తి మీదుండగా ఆ చేతులు వణికితే బిడ్డ గతేంది? మీ చిన్నాయన కొడుకు ప్రవీణ్ గూడా మేనమామే గదా, వాన్ని కూర్చోబెడదాం."

ఇంతా చేసి ఆవిడకు తన బీపీ మాత్ర పడందే పొద్దున కాఫీ దిగదు.

ఈ సంగతి నారాయణ చెవిన పడింది. నెల తిరక్కముందే ఒకరోజు పొద్దున నిండా టీ పోసిన గ్లాసు పట్టుకుని మా గోడ దగ్గరికి వచ్చాడు.

"చూడత్తా, చుక్కన్నా తొణకలేదు!"

సంతోషపడబోయాను. అప్పుడు వాడి కళ్లు చూశాను. ఎర్రగా ఉన్నాయి. మాట్లాడుతూ మాట్లాడుతూ వెనక్కి తిరిగి చూస్తున్నాడు, అక్కడ ఎవరూ లేరు. ఆ నిమిషమే రమ్యకు ఫోన్ చేశాను.

మధ్యాహ్నం బస్సుకే దిగింది. చెప్పులు విడవకుండానే అడిగింది.

"మాత్రలు మానేసినావా?"

"చెయ్యి వణకతాదనే గదా వాళ్లు ఒద్దంటాండేది. ఈ ఒక్కసారికి అక్కా. పాపను ఎత్తుకుంటా, మళ్ల మింగుతా."

రమ్య కోపిష్టి. కానీ ఆ రోజు కేకలు వేయలేదు, వాడి పక్కన కూర్చుని ఏడ్చింది.

"ఇను నాయనా. నీ చెయ్యి వణికితే నేను పట్టుకుంటా. నువ్వు మాత్ర ఏసుకోకపోతే మాత్రం పాపను నీ ఒళ్లో కూర్చోబెట్టను. మా అత్త కాదు, నేనే కూర్చోబెట్టను."

వాడు లేచి చొక్కా వేసుకున్నాడు. ఇద్దరూ అటునుంచి అటే నంద్యాల పోయారు. మాత్రలు సొంతంగా ఆపవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. వణుకు తగ్గేందుకు మందు కూడా మార్చి ఇచ్చాడు. ముహూర్తం దాటిపోతుందని జయలక్ష్మమ్మ గొణిగితే, "ఎంట్రుకలు యాడికన్నా పారిపోతాయా అత్తా? వాడు కుదురుకున్నాకే పోదాం" అంది రమ్య. ఆమె భర్త మహేష్ ఎప్పుడూ తల్లికి ఎదురు చెప్పడు. ఆ రోజు మాత్రం "అట్లే కానీలేమ్మా" అన్నాడు.

వాడికి మళ్లీ నిద్ర పట్టి, డాక్టరు ఇక పరవాలేదన్నాక వ్యానులో యాగంటి పోయాం. నారాయణ బాసింపట్టు వేసి కూర్చున్నాడు. పాపను ఒడిలో పెట్టగానే అది అందరు పిల్లల్లాగే గుక్కపట్టి ఏడ్చింది. తల పట్టుకున్న నారాయణ వేళ్లు వణికాయి. కొత్త మందుతో వణుకు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. రమ్య తన చేతులు వాడి చేతుల మీద ఉంచింది. వాడు మంగలి వైపు బెరుగ్గా చూశాడు.

"నా చేతులు వణకతాయన్నా."

మంగలి కత్తి తడుపుకుంటూ తల కూడా ఎత్తలేదు.

"నీ చెయ్యి వణికితే ఏమైతాదప్పా? నా చెయ్యి వణక్కుంటే సాలు. తల గట్టిగా పట్టుకో."

అందరం నవ్వాం. నారాయణ కూడా నవ్వాడు. వాడి నవ్వు చూసి ఎన్నేళ్లయిందో! పాప గుండు మీద చిన్న గీత కూడా పడలేదు.

భోజనాలప్పుడు జయలక్ష్మమ్మ తన సంచిలోంచి బీపీ మాత్ర తీసి వేసుకుంది. నీళ్ల చెంబును నారాయణ ముందు పెట్టింది.

"నీ మాత్ర తెచ్చుకున్నావా నారాయణా? ఏసుకో, మర్చిపోవాకు. వచ్చే నెల పాపకు చెవులు కుట్టాల. నీ ఒళ్లోనే కూర్చోబెట్టాల."