చేతులు కొంగు కింద

మా మేనత్త పోయిందని తెల్లారేసరికి ఆమె కొడుకు ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది బావా" అన్నాడు. నా నోట్లోంచి ముందు వచ్చిన మాట, "ఎవలు జూసిన్రు?" అని. అవతల వాడు ఏడుస్తూనే, "నువ్వు గూడ గట్లనే అడుగుతున్నవా?" అన్నాడు. ఆ ప్రశ్న మా అత్తది. ఆమె చావును నమ్మబోతే అదే అడ్డం వచ్చింది.

ఎవరు ఏం చెప్పినా ఆమె ముందు అదే అడిగేది. రేపు వాన అని ఫోన్‌లో చూపిస్తే, "మన ఊరికా, పట్నానికా?" అనేది. ఇంట్లో లైట్లన్నీ ఆర్పి కరెంటు మీటరు ముందు నిలబడేది. "అన్నీ బంద్ జేసిన గదా, గిది ఇంకెందుకు తిరుగుతాంది?" ఫ్రిజ్ సంగతి గుర్తు చేస్తే మీటరును వదిలేసి నన్ను అనుమానంగా చూసేది. నేను నల్గొండలో బడిపంతులును. సెలవు దొరికినప్పుడల్లా ఊరికి వెళ్లేవాణ్ని. గడపలో కాలు పెట్టగానే "ఏం పని మీద వచ్చినవ్‌రా?" అనేది. నిన్ను చూడ్డానికే అత్తా అంటే నమ్మేది కాదు. నమ్మకుండానే వేడి వేడి జొన్నరొట్టె పెట్టేది.

ఈమె అనుమానాలతో చచ్చిపోతున్నాం అని ఇంటిల్లిపాదీ విసుక్కునేవాళ్లం, ఆ సోలార్ సంగతి వచ్చేదాకా.

మా ఊరి గుట్ట కింది బీడులో సోలార్ ప్లాంటు పెడతామని వచ్చారు. అత్త మేకలే కాదు, ఊళ్లో సగం మంది గొర్లూ మేకలూ ఆ బీడు దాటే కుంటకు నీళ్లకు పోవాలి. చుట్టూ ఇనుప జాలి కంచె కడితే దారి మూసుకుపోతుంది. బడి వరండాలో గ్రామసభ పెట్టారు. ఒక సారు చాలాసేపు మాట్లాడాడు. ఎండలు ముదురుతున్నాయన్నాడు, బొగ్గు తగ్గించాలన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. మేకల దారి మాటేమిటని అడిగితే మాత్రం "అన్నీ చూస్తాం" అన్నాడు. చివర్లో అందరినీ ఒకసారి చప్పట్లు కొట్టమన్నాడు. కొట్టాం. మర్యాదకు అత్త కూడా కొట్టింది.

కొన్నాళ్లకు పంచాయతీ గోడ మీద కాగితం అంటించారు. "ప్రజలు హర్షధ్వానాలతో ఆమోదించారు" అని ఉంది. నేనే చదివి వినిపించాను.

"హర్షధ్వానం అంటే ఏందిరా?"

"చప్పట్లత్తా."

ఆమె రెండు అరచేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. "గీ చేతులే మోసం జేసినయ్" అంది.

అప్పటినుంచి మైకు కనబడితే చాలు, అత్త చేతులు కొంగు కిందికి పోయేవి. మా అమ్మాయి బడి వార్షికోత్సవంలో డాన్సు చేసినప్పుడు కూడా అంతే. కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది గానీ చేతులు బయటికి తీయలేదు. "బిడ్డ మంచిగ ఆడింది. మైకు వట్టుకున్నోడెవడో నాకు తెల్వది" అంది. నాకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి.

ప్లాంటు వద్దని ఆమె ఏనాడూ అనలేదు. "ఎండతోని కరెంటు వద్దంటున్ననా? జాలి యాడికెల్లి పోతదో మమ్ముల అడిగి గీయమంటున్న" అనేది. పోరి పోరి తర్వాతి సభను వరండాలో కాకుండా ఆ బీడులోనే పెట్టించింది. వచ్చిన సార్లను ఎండలో వెంటబెట్టుకుని కుంటదాకా నడిపించింది. దారి వదులుతామని నోటితో ఒప్పుకున్నారు. "రాసియ్యున్రి, గప్పుడు కొడుత చప్పట్లు" అంది. ఆ రాత ఇంకా రాలేదు. అత్త పోయింది.

ఆ దారి ఇవాళ్టికీ తెరిచి ఉందంటే ఆమె అనుమానం వల్లనే. మేము విసుక్కున్న అనుమానానికే ఇప్పుడు దండం పెట్టుకుంటున్నాను.

ఆమె దినాలు అయ్యాక మొన్న మళ్లీ గ్రామసభ పెట్టారు. ముందు ఆమె పేరున అందరం లేచి మౌనంగా నిలబడ్డాం. తర్వాత సర్పంచ్ మైకు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "పెద్దమ్మ ఆఖరికి నాతోని ఒప్పుకున్నది. దారి సంగతి ఎన్కసీరి జూసుకుందాం, ముందుగాల ప్లాంటు రానియ్యి అన్నది. ఆమె పేరు మీద అందరు ఒక్కపారి చప్పట్లు కొట్టున్రి."

ఆయనే మొదలుపెట్టాడు. ఆయన చప్పట్లు ఒక్కటే వినబడ్డాయి. అత్తతో కలిసి మేకలు కాసే ముసలామె వెనక నుంచి అడిగింది.

"గా మాట ఎవలు ఇన్నరు?"

సర్పంచ్ చేతులు ఆగిపోయాయి. నేను ఆడవాళ్ల వైపు చూశాను. ఒక్కొక్కరి చేతులూ కొంగు కిందికి పోతున్నాయి. కొంగు లేని మగవాళ్లం చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డాం.