పేరు మీద పసుపు కాగితం

ఇంటిపేరు అడగకుండా విమలకుమారితో మాట కలిపిన తెలుగువాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. గుంటూరులో ఎమ్మే చరిత్ర ఫస్టు క్లాసులో పాసై లెక్చరర్ ఉద్యోగానికి వెళితే, ఇంటర్వ్యూలో ఒక పెద్దమనిషి ఆమె పేరు చూశాడు, తండ్రి పేరు చూశాడు, ఏ చర్చికి వెళతారని అడిగాడు. చరిత్ర గురించి ఒక్క ప్రశ్నా అడగలేదు. అది జరిగి ముప్ఫై ఏళ్లు. ఇప్పుడామె అమెరికాలో, క్యారీ ఊరి దగ్గర ఒక కాలేజీలో పార్ట్‌టైమ్‌గా మధ్యయుగపు చైనా చరిత్ర చెబుతుంది. అందులో ఆమెకు ప్రాణమైనది రాజులూ కాదు, పట్టూ కాదు, ఒక పరీక్ష.

వెయ్యేళ్ల కిందట, సోంగ్ రాజుల కాలంలో, సర్కారు కొలువుకు పరీక్ష రాసినవాడి పేరు మీద కాగితం అంటించేవారు. చేతిరాత కూడా తెలియకుండా జవాబులన్నీ గుమాస్తాలు తిరగరాసేవారు. దిద్దేవాడి ముందుకు ఆ నకలే వెళ్లేది. ఈ పాఠం చెప్పే రోజున విమలకుమారి మంచి చీర కట్టుకుని వెళుతుంది. ఎందుకో ఆ పిల్లలకు తెలియదు.

ఊళ్లో తెలుగు సంఘం ఏటా హైస్కూలు పిల్లలకు చరిత్ర వ్యాసాల పోటీ పెడుతుంది. మొదట వచ్చినవారికి యూనివర్సిటీ వేసవి శిబిరంలో ఒకే ఒక్క సీటు. ఈసారి దిద్దే పని ఆమెకు వచ్చింది.

"మేడమ్, లాస్ట్ ఇయర్ జడ్జి వాళ్లవాళ్లకే ఇచ్చుకున్నారని పెద్ద గొడవైంది. ఈసారి కంప్లయింట్స్ రాకుండా చూడండి" అన్నాడు సంఘం అధ్యక్షుడు భాస్కర్. మామూలుగానే అన్నాడు. ఆమెకు మాత్రం ముల్లులా దిగింది.

అందుకే పోటీ అంతా సోంగ్ పద్ధతిలో నడిపించింది. చైనా నుంచి ఇరుగుపొరుగు ఏం నేర్చుకున్నారన్నది విషయం. పిల్లలు కంప్యూటర్ చేత రాయించుకోకుండా హాల్లో కూర్చోబెట్టి చేత్తో రాయించారు. కార్యదర్శి జయంతి పేర్ల మీద పసుపు కాగితాలు అంటించి నంబర్లు వేసింది. ఇక తిరగరాసేదెవరు? ఫొటోలంటే ఎగబడే సంఘంలో పంతొమ్మిది వ్యాసాలు టైపు చేయడానికి ఒక్కరికీ తీరిక లేదు. విమలకుమారి తనే కూర్చుని కొట్టింది. తిరగరాసేవాడు వేరు, దిద్దేవాడు వేరు అని ఏటా క్లాసులో బల్ల గుద్ది చెప్పే మనిషి, రెండూ తనే చేసింది.

పదకొండో నంబరు తీయగానే రాత గుర్తుపట్టింది. ఇంగ్లీషు 'వై' తోకను కింది గీత దాకా లాగే రాత. షారన్‌ది. తమ తెలుగు చర్చిలో సండే స్కూలు బోర్డు మీద వారం వారం వాక్యం రాసే పిల్ల. జపాన్ వాళ్లు చైనా నుంచి లిపి తెచ్చుకున్నారు, నగరం నమూనా తెచ్చుకున్నారు, పరీక్షా తెచ్చుకున్నారు, పెద్ద పదవులు మాత్రం పెద్దింటి కొడుకులకే అట్టేపెట్టారని రాసింది. "పొరుగింటి తలుపు తెచ్చి బిగించుకున్నారు, గడియ మాత్రం తమ పాతదే" అని ముగించింది. ఆ ముగింపును విమలకుమారి రెండుసార్లు చదువుకుంది. కాలేజీలో ఎవరూ అలా రాయలేదు. తొంభై నాలుగు వేసింది.

అంతలో భయం పట్టుకుంది. తన చర్చి పిల్లకే ఇచ్చుకుందంటారేమో! గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అనకముందే తొంభై నాలుగు కొట్టేసి ఎనభై తొమ్మిది వేసింది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఇక్కడ వడ్డించింది సొంత మనిషే, ఆ పిల్ల విస్తరిలోది తీసేసింది.

తొంభై ఒకటితో భాస్కర్ కొడుకు నీల్ మొదట వచ్చాడు. వాడూ బాగానే రాశాడు, వాడి తప్పేం లేదు.

"విమల మేడమ్ ఒక్క పేరు కూడా చూడలేదు. హండ్రెడ్ పర్సెంట్ ఫెయిర్!" అన్నాడు భాస్కర్ మైకులో. హాలంతా చప్పట్లు. ఈ ఊరొచ్చిన పదకొండేళ్లలో ఆ హాలు ఆమె కోసం చప్పట్లు కొట్టడం అదే మొదలు. తల ఎత్తలేకపోయింది.

పార్కింగ్ లాట్‌లో షారన్ పరుగున వచ్చింది.

"ఆంటీ, నాకు సెకండ్ వచ్చింది. ఇట్స్ ఓకే. నేమ్స్ కవర్ చేశారు కదా, సో ఫెయిర్. బట్ నేను ఎక్కడ రాంగ్ చేశాను? చెప్తే ఫిక్స్ చేసుకుంటా."

నిజం నోటి దాకా వచ్చింది. నాలుగడుగుల దూరంలో భాస్కర్ వ్యాన్‌లోకి కుర్చీలు ఎక్కిస్తున్నాడు.

"కన్‌క్లూజన్ కొంచెం వీక్‌గా ఉందమ్మా" అంది విమలకుమారి.

షారన్ ఫోన్ తీసి ఆ మాట శ్రద్ధగా రాసుకుంది.

"థాంక్యూ ఆంటీ. నాకు అదే బెస్ట్ పార్ట్ అనిపించింది. ఇంక అలా రాయను."